పనిలో కలిసిపోయిన కసరత్తు: నెల్లూరు తీరంలో వృద్ధుల నడక, పడిపోవడం, లేవడం

వృద్ధులు పడిపోకుండా కాపాడేందుకు వ్యాయామాన్ని ఒక చికిత్సగా ఇవ్వడం వైద్యశాస్త్రంలో నిలదొక్కుకొని ఇంకా నలభై ఏళ్లు నిండలేదు. అయితే ఆ చికిత్సలో చేయించే కదలికలు, అంటే చేతి ఊతం లేకుండా కూర్చున్న చోటి నుంచి లేవడం, వెనక్కు నడవడం, ఇరుకు దారిలో అడుగు వెంట అడుగు వేయడం, ఒంటికాలి మీద క్షణకాలం నిలవడం వంటివి, ఉత్తరాన కావలి నుంచి దక్షిణాన పులికాటు సరస్సు దాకా పరుచుకున్న నెల్లూరు తీరంలో తరతరాలుగా రోజువారీ బతుకులో కలిసే ఉండేవి. (2022లో జిల్లాలను విడదీసినప్పుడు సూళ్లూరుపేట ప్రాంతం తిరుపతి జిల్లాలోకి వెళ్లినా, తీరం బతుకు చరిత్ర అంతా ఒకటే కనుక ఇక్కడ పాత జిల్లా ఎల్లలనే పాటించడమైనది.) వాటికి వ్యాయామమన్న పేరు లేదు, నేర్పే గురువు లేడు, పొలం గట్టు, తెప్ప, ఏతం, అలికిన నేల, రోలు అవే నేర్పాయి. ఆ కదలికలు ఏ వరుసలో, ఏ కారణాల వల్ల జనజీవితం నుంచి జారిపోయాయో తెలిస్తే గాని, నేడు వృద్ధాశ్రమంలో మంచం మీద కూర్చున్న మనిషికి ఏది తిరిగి అలవాటు చేయాలో తేలదు. అందుకే దీన్ని వైద్యవిషయంగా చూసే ముందు చరిత్రగా చూడవలసి ఉంది.

మనిషి నిటారుగా నిలబడడం పైకి కనిపించినంత నిశ్చలమైన స్థితి కాదు. నిలుచున్న ప్రతి క్షణమూ శరీరం కొద్దికొద్దిగా ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపును కళ్లు, తల వాలును పసిగట్టే లోపలి చెవి, అరికాళ్లలోను కీళ్లలోను ఉండే స్పర్శ నాడులు ఎప్పటికప్పుడు మెదడుకు చేరవేస్తుంటే, మెదడు చీలమండలను, మోకాళ్లను, తుంటిని సర్దుతూ ఒంటి బరువును పాదాల మీద నిలుపుతుంది. వయసుతో చూపు మసకబారుతుంది, అరికాలి స్పర్శ మొద్దుబారుతుంది, మధుమేహం ఉన్నవారిలో ఇంకా త్వరగా మొద్దుబారుతుంది, తొడల్లోను పిక్కల్లోను కండ తరుగుతుంది. ఇలా వయసుతో కండ తరిగిపోవడానికి అమెరికా పోషకాహార శాస్త్రవేత్త ఇర్విన్ రోజెన్‌బర్గ్ 1989లో సార్కోపీనియా అని పేరు పెట్టాడు. కాలికి ఏదైనా తగిలి తూలినప్పుడు రెండో కాలు సెకనులోపే ముందుకు పడాలి, పడిన కాలు ఒంటి బరువునంతా మోయాలి. కండ తరిగిన మనిషిలో ఆ అడుగు ఆలస్యమవుతుంది, సకాలంలో పడినా మోకాలు లొంగిపోతుంది. అరవై అయిదేళ్లు దాటినవారిలో ఇంచుమించు ముగ్గురికొకరు ఏడాదిలో ఒక్కసారైనా పడిపోతారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వృద్ధాశ్రమాల్లో ఉండేవారిలో ఈ పాలు ఇంకా ఎక్కువ.

నెల్లూరు తీరంలో పనులు ఈ నిలకడను ఎలా సాధన చేయించేవో చూడడానికి ఏతం మంచి ఉదాహరణ. కోరమండల తీరమంతటా బావి నుంచి నీళ్లు తోడిన ఈ సాధనంలో నిలువు స్తంభం మీద అడ్డంగా ఊగే పొడవాటి దూలం ఉంటుంది. దూలం ఒక కొసన వేలాడే గడకు బొక్కెన కట్టి ఉంటుంది. దూలం పొడవునా పాదం పట్టేందుకు మెట్ల మాదిరి గాట్లు చెక్కి ఉంటాయి. ఏతం తొక్కే మనిషి పక్కన కట్టిన వెదురును ఒక చేత్తో తాకుతూ బావి వైపు నడిచినప్పుడు దూలం ఆ వైపు వంగి బొక్కెన నీటిలో మునుగుతుంది, అతడు వెనక వైపు నడిచినప్పుడు నిండిన బొక్కెన పైకి వస్తుంది, కింద నిలుచున్న మరో మనిషి దాన్ని కాలువలోకి ఒంపుతాడు. అంటే కాళ్ల కింద ఆధారం నిరంతరం వంగుతూ లేస్తూ ఉండగా, పాదం వెడల్పుకు మించని దారిలో పొద్దు పొద్దంతా ముందుకూ వెనక్కూ నడవడం ఆ పని. నేటి ఫిజియోథెరపీ గదుల్లో ఊగే పలక మీద రోగిని నిలబెట్టి చేయించే సాధనకూ దీనికీ పెద్ద తేడా లేదు. ముసలివారు ఏతం దూలం ఎక్కేవారని దీని అర్థం కాదు; పాతికేళ్లు ఆ దూలం మీద నడిచిన కాళ్లు ముసలితనంలోకి కొంత నిల్వ బలంతో అడుగు పెట్టేవని మాత్రమే అర్థం.

పొలంలోనూ ఇదే తీరు. పెన్నా కింద, చెరువుల కింద పండే మొలగొలుకుల వరికి నాట్లు వేసే ఆడవాళ్లు మోకాలి కింది దాకా దిగిన బురదలో వంగి, పాదాన్ని బురదలోంచి పీకి వెనక్కు వేస్తూ మడి ఈ చివరి నుంచి ఆ చివరికి సాగేవారు; మడి దాటాలంటే ఇద్దరు పక్కపక్కన నడవలేని గట్టు మీద, తలమీద నారు కట్టతోనో గంపతోనో పోవలసి వచ్చేది. సముద్రం వైపు వెళితే, పట్టపు కులస్థులైన మత్స్యకారులు దుంగలను పక్కపక్కన చేర్చి తాళ్లతో బిగించి కట్టిన తెప్పల మీద వేటకు పోయేవారు. తెప్పకు అంచు గోడలుండవు, అల దుంగల సందుల్లోంచి పైకి చిమ్ముతూనే ఉంటుంది. కెరటాలు విరిగే చోటు దాటేటప్పుడు మనిషి మోకాళ్ల మీద కూర్చుని, లేచి, మళ్లీ కూర్చుని తెడ్డు వేయాలి. వేట ముగిశాక కట్లు విప్పి దుంగలను ఇసుక మీద ఆరబెట్టేవారు. వేటకు పోలేని వయసు వచ్చినవారికి కూడా ఒడ్డున పని ఉండేది. తీరం నుంచి లాగే అలివి వలను పాతిక ముప్పై మంది రెండు జట్లుగా తాడు పట్టి, ఇసుకలో మడమలు దిగేసి వెనక్కు వెనక్కు నడుస్తూ లాగేవారు. ఆ తాళ్ల వెంట ముసలివారూ పిల్లలూ కూడా చేయి వేసేవారు. వల ఒడ్డు చేరాక చినిగిన కన్నులను అల్లడం పూర్తిగా పెద్దవాళ్ల పని: ఇసుక మీద బాసింపట్టు వేసుకుని, వల అంచును కాలి బొటనవేలికి తగిలించి బిగబట్టి, చేతిలో అల్లుసూదితో గంటలకొద్దీ కూర్చుని, ఒక పట్టు అయిపోగానే లేచి మరో చోట చతికిలబడేవారు.

పని కన్నా ముఖ్యమైన బడి ఇల్లు. పేడతో అలికిన మట్టి నేల మీద ఆ ఇంట్లో కుర్చీ ఉండేది కాదు. ఉన్నా వచ్చిన అధికారికో పంతులుకో వేసేవారు. తినడం నేల మీద, కూరలు తరగడం కత్తిపీట ముందు గొంతుక్కూర్చుని, పడుకోవడం చాప మీద, బయటికి పోవడం కూడా గొంతుక్కూర్చునే. నులక మంచం ఉన్న ఇళ్లలో సైతం అది నేలకు బాగా దగ్గరగా ఉండేది. ముసలమ్మ నేల మీద నుంచి లేచే తీరును నిదానంగా గమనిస్తే అందులో ఎంత పని ఇమిడి ఉందో తెలుస్తుంది: ముందు కాళ్లు ఒక పక్కకు మడిచి, ఒక అరచేయి నేలకు ఆనించి, ఒళ్లు తిప్పి బరువును మోకాలి మీదికి తెచ్చి, రెండో పాదాన్ని చదునుగా మోపి, ఆ తొడ మీద చేయి వేసి, దేవుడి పేరు తలుచుకుంటూ నడుమును పైకి లేపి, నిటారుగా అయ్యాక క్షణం ఆగి తల తిరగడం తగ్గాక అడుగు వేస్తుంది. తొడ కండరం, పిరుదు, చీలమండ వంపు, నడుము తిరుగుడు, తూకం, అన్నీ ఆ ఒక్క కదలికలో పనిచేస్తాయి. అది రోజులో ఎన్నిసార్లు జరిగేదో ఎవరూ లెక్కపెట్టలేదు గాని, వంట దగ్గర, భోజనం దగ్గర, పూజ దగ్గర, పడక దగ్గర తప్పించుకోవడానికి వీలులేనన్ని సార్లు జరిగేది. నేల నుంచి లేవగలగడానికీ మిగిలిన ఆయుర్దాయానికీ సంబంధం ఉందని బ్రెజిల్ వైద్యుడు క్లాడియో గిల్ అరౌజో బృందం 2012లో ప్రచురించిన పరిశోధన చెప్పింది. ఊతం తీసుకోకుండా కూర్చుని లేవగలిగినవారిలో మరణాలు తక్కువగా ఉన్నట్టు ఆ బృందం చూసింది.

ఇంటి వాస్తులోని ఎత్తైన గడప రెండు వైపుల పదునున్న సంగతి. ప్రతిసారీ మోకాలిని పైకెత్తి దాటవలసిన గడప తుంటి కండరానికి సాధనే, కాని కాలు ఈడ్చే వయసు వచ్చాక తగులుకొని బోర్లాపడేది కూడా దాని దగ్గరే. వీధి అరుగు మాత్రం నిస్సందేహంగా మేలు చేసింది. పెద్దవాళ్లను ఇంటి మూలన కాకుండా వీధి చూపులో కూర్చోబెట్టింది, పలకరించడానికి లేచేలా చేసింది, లేచి నాలుగు ఇళ్ల అవతలికి నడిచిపోయేలా చేసింది.

దీన్నంతా పోయిన స్వర్గంగా రాయడం చరిత్రకు ద్రోహం. 20వ శతాబ్దం తొలి దశకాల్లో భారతదేశంలో సగటు ఆయుర్దాయం పాతికేళ్ల లోపే ఉండేది. శిశుమరణాల వల్ల ఆ సగటు అంతగా దిగిందన్నది నిజమే అయినా, డెబ్బై దాటినవారు కొద్దిమందే. ఆ కొద్దిమందీ బలమైనవారు కావడంలో వింత లేదు, ఎందుకంటే బలహీనులు అంతదాకా రాలేదు. బరువులు మోసి, బురదలో వంగి మోకాళ్లు అరిగినవారు, కళ్లలో శుక్లాలు ముదిరి గోడ పట్టుకుని నడిచేవారు, రాత్రిపూట గుడ్డి దీపం వెలుగులో పెరట్లోకి పోతూ కాలు జారినవారు ఆనాడూ ఉన్నారు. చేయో కాలో విరిగితే నెల్లూరు జిల్లా జనానికి ఆసరా పాత చిత్తూరు జిల్లాలోని పుత్తూరు కట్టు. ఆకు పసరు, కోడిగుడ్డు సొనతో పట్టు వేసి, వెదురు దబ్బలతో బిగించే ఈ వైద్యానికి తెలుగు, తమిళ జిల్లాల నుంచి జనం నేటికీ వెళతారు. ముంజేయి విరిగితే కట్టుతో అతుక్కోవచ్చు. ముసలితనంలో పడినప్పుడు తరచు విరిగేది మాత్రం తుంటి దగ్గర, తొడ ఎముక మెడ. అక్కడ విరిగితే ఎముక తలకు రక్తప్రసరణ తెగిపోయే ప్రమాదం ఉంది కనుక బయటి నుంచి వేసే ఏ కట్టుకూ అది లొంగదు. అమెరికాలో స్మిత్ పీటర్సన్ 1931లో ప్రచురించిన మేకు పద్ధతి, తరువాత ఆస్టిన్ మూర్ రూపొందించిన లోహపు కీలు వచ్చేదాకా ప్రపంచంలో ఎక్కడైనా దారి ఒకటే: మంచం. మంచాన పడినవారికి ఒళ్లు పుండ్లు పడి, రొమ్ము పట్టి కొద్ది నెలల్లో పోయేవారు. ఇంటివారు దాన్ని పడిపోవడం వల్ల వచ్చిన చావుగా కాక ముసలితనంగానే లెక్కపెట్టుకునేవారు. నాటి తీరంలో ఈ సమస్య లేదనిపించడానికి కారణం అది లెక్కకు రాకపోవడమే.

ఆ కదలికలు జనజీవితం నుంచి ఒక్కరోజులో పోలేదు, ఒక్క కారణంతోనూ పోలేదు. నెల్లూరు దగ్గర పెన్నా మీద ఆనకట్ట 1855లోను, పైన సంగం ఆనకట్ట 1886లోను పూర్తయ్యాక కాలువ నీరు పారిన మేరకు ఏతం అవసరం తగ్గుతూ వచ్చింది. మిగిలిన బావుల మీద ఏతాన్ని 20వ శతాబ్దం రెండో సగంలో కరెంటు మోటారు పూర్తిగా తీసేసింది. వడ్లు దంచే రోకలిని బియ్యం మిల్లు, తిరగలిని పిండిమర, రుబ్బురోలును గ్రైండరు మాన్పించాయి. రోకలి, తిరగలి, రుబ్బురోలు పోవడాన్ని ఏ ఆడమనిషీ కోరకుండా ఉండదు, ఎందుకంటే అవి వెన్ను విరిచే చాకిరీ. తెప్పల విషయంలో మార్పు 1980ల తరువాత వేగం అందుకుంది. ఫైబర్ పడవలు, బయట బిగించే మోటార్లు వచ్చాయి; 2004 డిసెంబరు 26 సునామీ తీర గ్రామాల పడవలను, వలలను తుడిచిపెట్టాక సాయంగా అందిన పడవల్లో ఎక్కువ ఫైబర్‌వే కావడంతో దుంగల తెప్ప చాలా ఊళ్లలో కనుమరుగైంది.

ఇంటి నేల మార్పు మరింత లోతైనది. 1927లోను, 1979లోను, 1984లోను ఈ తీరాన్ని కొట్టిన తుపానులు మట్టి గోడలను, తాటాకు కప్పులను ఎన్నిసార్లు నేలమట్టం చేశాయో గుర్తున్నవారికి సిమెంటు ఇల్లు విలాసం కాదు, ప్రాణరక్షణ. కాని పక్కా ఇంటితో పాటు అలికిన నేల పోయి ముందు గచ్చు, తరువాత కడప బండలు, తరువాత మొజాయిక్, 1990ల తరువాత నున్నటి టైల్సు వచ్చాయి. పేడ అలికిన నేల గరుకుగా ఉండి పాదాన్ని పట్టుకుంటుంది, పడినా కాస్త మెత్తన. తడిసిన టైలు పాదాన్ని వదిలేస్తుంది, పడినవాడి తుంటికి ఏ దయా చూపదు. పెరట్లో బావి గట్టు మీద జరిగిన స్నానం ఇంట్లోని ఇరుకు గదిలోకి వచ్చి, ఆ గదికే మరుగుదొడ్డి కలిసి, నేల ఎప్పుడూ తడిగా ఉండే స్థలం ఒకటి మొదటిసారి ఇంటి నడుమ వెలసింది. ఇదే కాలంలో చవకైన ప్లాస్టిక్ కుర్చీ ప్రతి ఇంటికీ చేరింది, భోజనం బల్ల మీదికి ఎక్కింది, మోకాళ్ల నొప్పులున్నవారి కోసం కమోడ్ అమర్చారు. కుర్చీ, కమోడ్ నొప్పి పడుతున్న మోకాలికి నిజమైన ఉపశమనమే. వాటిని నిందించడం అన్యాయం. అయితే నలభై అయిదు సెంటీమీటర్ల ఎత్తు నుంచి చేతులు ఆనించి లేవడం తప్ప ఇంకేమీ చేయని తొడ కండరం, క్రమంగా ఆ ఎత్తు నుంచి కూడా లేవలేని స్థితికి రావచ్చు. నొప్పికి మందుగా వచ్చిన వస్తువు ఆరోగ్యంగా ఉన్నవారికీ అలవాటైపోవడమే ఇక్కడ జరిగిన నష్టం.

వృద్ధులకు వేరుగా ఇల్లు అనే ఏర్పాటు ఈ తీరానికి చాలా ఆలస్యంగా వచ్చింది. మద్రాసు నుంచి ఉత్తరానికి పోయే పెద్దబాట మీద, బకింగ్‌హాం కాలువ వెంట సత్రాలుండేవి కాని అవి బాటసారులవి. అయినవాళ్లు లేని ముసలివారు గుడి మండపాన్నో ఆశ్రమాన్నో నమ్ముకునేవారు. వెంకటాచలం మండలంలోని గొలగమూడిలో అవధూత వెంకయ్యస్వామి సన్నిధికి చేరి, ప్రదక్షిణలు చేస్తూ కాలం గడిపే వృద్ధులు నేటికీ కనిపిస్తారు. ప్రదక్షిణ కూడా పరిశీలించదగ్గ అలవాటే: చెప్పుల్లేని పాదాలతో, గరుకు రాతి మీద, రోజూ నియమంగా సాగే నడక అది, ఒకే వైపు తిరగడం దాని పరిమితి, ముసలివారు మలుపు తిరిగేటప్పుడు కూడా తూలిపడతారు కనుక రెండు వైపులా తిరగడం సాధన కావాలి. ఉమ్మడి కుటుంబం చిన్నదయ్యాక, ముఖ్యంగా పిల్లలు హైదరాబాదు, బెంగళూరు, అమెరికాలకు వెళ్లిన ఇళ్లలో, వృద్ధాశ్రమం అవసరమైంది. తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ సంక్షేమ చట్టం 2007లో వచ్చి, దిక్కులేని వృద్ధుల కోసం జిల్లాకు కనీసం ఒకటి, నూట యాభై మందికి తగ్గకుండా వసతితో, ఆశ్రమాలు నెలకొల్పవచ్చునని రాష్ట్ర ప్రభుత్వాలకు చెప్పింది. ఆ చట్టం తిండి, బట్ట, వసతి, వైద్యం గురించి పలికింది; కదలిక గురించి పలకలేదు. ఆశ్రమాల్లో పనిచేసేవారు తక్కువ, బాధ్యత ఎక్కువ. ఎవరైనా పడితే బంధువులకు జవాబు చెప్పుకోవాలి. అందుచేత, ఎంతో సదుద్దేశంతోనే, పెద్దవాళ్లను కూర్చోబెట్టడమే సంరక్షణ అయింది: పళ్లెం మంచం దగ్గరికే వస్తుంది, నీళ్ల చెంబు చేతికే అందుతుంది, లేవబోతే ఎవరో ఒకరు కూర్చోమంటారు. పడిపోతామన్న భయంతో కదలడం మానితే కండ తరుగుతుంది, కండ తరిగితే పడే ప్రమాదం పెరుగుతుంది. ఈ చుట్టుతిరుగుడుకు సంరక్షణే తలుపు తెరుస్తోంది.

ఇదే పొరపాటును ఇంగ్లండు తొంభై ఏళ్ల కిందట చేసి, దాని నుంచే వృద్ధాప్య వైద్యమనే శాఖను పుట్టించుకుంది. 1935లో మార్జరీ వారెన్ అనే వైద్యురాలికి లండన్ పడమటి శివారులోని వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రి పక్కనున్న పేదల ఆసుపత్రి అప్పగించబడింది. అక్కడి ఏడు వందలకు పైగా పడకల్లో నయం కానివారని ఏళ్ల తరబడి పడుకోబెట్టిన ముసలివారున్నారు. ఆమె ఒక్కొక్కరినీ పరీక్షించి, మంచం దింపి, నడక నేర్పించగా అనేకులు ఇళ్లకు తిరిగిపోయారు. వుల్వర్‌హాంప్టన్ వైద్యుడు షెల్డన్ 1960లో రెండు వందల ఇద్దరు వృద్ధుల అయిదు వందల పతనాలను పరిశీలించి, పడిపోవడం దైవఘటన కాదని, దానికి కారణాల వరుస ఉంటుందని చూపాడు. 1990లో బోస్టన్‌లోని ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రంలో మరియా ఫియాటరోనె తొంభై ఏళ్ల సగటు వయసున్న పదిమంది చేత ఎనిమిది వారాల పాటు కాళ్లతో బరువులెత్తించగా తొడ బలం సగటున 174 శాతం పెరిగింది, ఇద్దరు చేతికర్ర వదిలేశారు. ముసలి కండ ఇక పెరగదన్న నమ్మకం అక్కడితో వీగిపోయింది.

న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకున్న వ్యాయామ క్రమం ఈ చరిత్రకు మరింత దగ్గరిది. చీలమండకు చిన్న బరువులు కట్టి కాలు ఎత్తడం, మడమల మీద నడవడం, మునివేళ్ల మీద నడవడం, పక్కకు నడవడం, వెనక్కు నడవడం, ఎనిమిది అంకె ఆకారంలో తిరగడం, కుర్చీలోంచి చేతులు వాడకుండా లేవడం అందులోని అంశాలు. ఎనభై దాటిన 233 మంది స్త్రీలతో జరిపి 1997లో ప్రచురించిన పరిశీలనలో ఏడాది కాలంలో వ్యాయామం చేసినవారు 88 సార్లు, చేయనివారు 152 సార్లు పడ్డారు. అలివి వల తాడు పట్టి వెనక్కు నడిచిన నెల్లూరు ముసలివాడికీ, నాటు వేస్తూ వెనక్కు జరిగిన కూలి స్త్రీకీ ఈ జాబితాలో తెలియని కదలిక దాదాపు లేదు. తేడా అల్లా ఒటాగో క్రమం ఆ కదలికలను శ్రమ నుంచి, ఆకలి నుంచి, బురద నుంచి విడదీసి, ఒక్కో మనిషి శక్తికి తగిన మోతాదులో ఇవ్వడమే. ఆ విడదీయడమే అసలైన ఆవిష్కరణ.

ఇళ్లలో ఉండే వృద్ధుల మీద జరిగిన 108 పరిశోధనలను కలిపి 2019లో ప్రచురించిన కాక్రేన్ సమీక్ష, వ్యాయామం పతనాలను 23 శాతం మేర తగ్గిస్తుందని తేల్చింది. (కాక్రేన్ సమీక్ష అంటే ఒక విషయం మీద జరిగిన పరిశోధనలన్నింటినీ ఒక కట్టుదిట్టమైన పద్ధతిలో తూచి చెప్పే తీర్పు.) వృద్ధాశ్రమాల విషయంలో తీర్పు అంత తేలికగా రాలేదు. 2018 నాటి సమీక్ష ఆశ్రమవాసుల్లో వ్యాయామ ఫలితం అనిశ్చితమని చెప్పింది. మతిమరుపు జబ్బు, అనేక మందులు, మరీ బలహీనమైన శరీరాలు ఉన్న చోట కుర్చీలో కూర్చుని చేతులూపే తరగతి ఏమీ సాధించదు, నిలువలేని మనిషిని ఉన్నట్టుండి నడిపిస్తే అపకారమే జరగవచ్చు. అదే ఏడాది ఆస్ట్రేలియాలో జెన్నిఫర్ హ్యూయిట్ బృందం ప్రచురించిన సన్‌బీమ్ పరిశీలన దారి చూపింది: పదహారు ఆశ్రమాల్లోని 221 మందిలో ఒక వర్గానికి వారానికి రెండు గంటల చొప్పున ఇరవై అయిదు వారాలు, క్రమంగా బరువు పెంచుతూ బలానికి, నిలబడి చేసే తూకానికి ఫిజియోథెరపిస్టు సమక్షంలో సాధన చేయించగా, ఏడాదిలో పతనాలు 55 శాతం తగ్గాయి. బరువు పెరగాలి, సాధన నిలబడి జరగాలి, దాన్ని మానకూడదు అన్నవి ఆ ఫలితంలో విడదీయరాని భాగాలు. ఏతం తొక్కిన కాళ్లకు ఈ మూడూ బతుకే సమకూర్చింది.

ఈ విద్య తెలుగు తీరానికి మద్రాసు దారిగా దగ్గరైంది. పెద్ద జబ్బుకు నెల్లూరు జనం పరుగెత్తేది ఎప్పుడూ మద్రాసుకే. అక్కడి ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో వి. ఎస్. నటరాజన్ 1978లో వృద్ధులకు ప్రత్యేక విభాగం మొదలుపెట్టాడు, మద్రాసు వైద్య కళాశాలలో వృద్ధాప్య వైద్యంలో స్నాతకోత్తర చదువు 1996లో ఆరంభమైంది. ఆ జ్ఞానం తీరంలోని చిన్న ఆశ్రమానికి చేరడానికి ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. గోడ, గట్టి కుర్చీ, ఇసుక నింపిన చిన్న సంచులు, నేల మీద గీసిన గీత చాలు. కావలసింది మాత్రం పక్కన నిలబడే మనిషి, వారానికి రెండు మూడు రోజులు తప్పని వేళ. జెనీవాలో 134 మంది వృద్ధులతో జరిపి 2011లో ప్రచురించిన పరిశీలనలో, పియానో వాయింపు మారినప్పుడల్లా అడుగు మార్చే సంగీత సాధన పతనాలను సగానికి పైగా తగ్గించింది. చేతిలో చెక్కలతో తాళం వేస్తూ, వరుస తప్పకుండా పక్కకు జరుగుతూ, పాట మలుపుతో పాటు ఒళ్లు తిప్పే చెక్కభజనలోను, కోలాటంలోను ఉన్న అడుగులు అదే జాతివి. యవ్వనంలో భజన గుంపులో ఆడిన వృద్ధురాలికి పియానో కన్నా, ఫిజియోథెరపిస్టు అంకెల కన్నా ఆ తాళమే కాలు కదిపిస్తుందని ఆశించడంలో అతిశయోక్తి లేదు. అయితే ఇక్కడ వృద్ధుల మీద దాన్ని తూచి చూడవలసిన పని ఇంకా మిగిలే ఉంది. ఈ తీరంలోని వైద్య కళాశాలలు చేయదగిన పనుల్లో అంత అవసరమైనది, అంత తక్కువ ఖర్చుతో అయ్యేది మరొకటి చూపడం కష్టం.

ఎంత సాధన చేసినా కొందరు పడతారు కనుక, పడ్డాక లేవడం నేర్పడం కూడా ఇందులో భాగమే. బర్మింగ్‌హాంలో వైల్డ్, నాయక్, ఐజాక్స్ 1981లో ప్రచురించిన పరిశీలన ప్రకారం, పడి గంటకు మించి నేల మీదే ఉండిపోయిన వృద్ధుల్లో సగం మంది ఆరు నెలల్లో చనిపోయారు, దెబ్బ తగలకపోయినా సరే. లేవడాన్ని తలకిందుల వరుసలో నేర్పుతారు: ముందు కుర్చీలోంచి లేవడం, తరువాత ముక్కాలి పీట మీద నుంచి, తరువాత అంతకన్నా పొట్టి పీట మీద నుంచి, చివరికి చాప మీద నుంచి. చాప మీద పడుకున్న మనిషి పక్కకు దొర్లి, మోచేతి మీద లేచి, చేతులూ మోకాళ్లూ ఆనించి కుర్చీ దాకా పాకి, దాన్ని పట్టుకుని ఒక పాదం మోపి, అప్పుడు నిలబడాలి. తుంటి మార్పిడి జరిగినవారికి, ఎముకలు బాగా గుల్లబారినవారికి వైద్యుడి అనుమతి లేకుండా ఇది చేయించరాదు. మిగిలినవారితో మొదలుపెట్టేటప్పుడు, చివరిసారి నేల మీద కూర్చుని భోజనం చేసి ఎన్నాళ్లయిందో అడిగి తెలుసుకుంటే, మొదటి పీట ఎంత ఎత్తు ఉండాలో అక్కడే నిర్ణయమవుతుంది.